చెక్కపని పేరంటానికి మీరూ రండి!

ఈ పేజీ చదవడం ఒక్క నిమిషం ఆపి మీ వంటింట్లోకి వెళ్లి రండి. స్టీలు గిన్నెలు, నాన్‌స్టిక్ పెనాలు, ప్లాస్టిక్ డబ్బాలు, మిక్సీ, గ్రైండరు... అన్నీ వరసగా ఉన్నాయి కదూ! వాటి మధ్య చెక్కతో చేసినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. చపాతీ పీట, కర్ర తప్పకుండా ఉంటాయి. పప్పుగుత్తి ఉంటుంది. కవ్వం ఉంటే ఉంటుంది, లేకపోతే దాని పని మిక్సీ చేసేస్తోందన్నమాట. పెనం మీద గీతలు పడకూడదని కొన్న చెక్క గరిటె ఒకటి కూడా ఉండవచ్చు.

వచ్చారా? ఇప్పుడొక ప్రశ్న. ఆ గరిటెను ఎవరు చేశారో మీకు తెలుసా? మగవాళ్లా, ఆడవాళ్లా? ఒక్కరే చేశారా, నలుగురు కలిసి చేశారా? దానికి ఎంతసేపు పట్టి ఉంటుంది?

తెలీదు కదూ! కొన్నేళ్ల కిందటి వరకూ నాకూ తెలీదు. అసలు ఆ ప్రశ్నే నాకు తోచలేదు. అది తోచింది కూడా మరెక్కడో కాదు, మా గోదావరి ఒడ్డున, ఒక వెదురు పువ్వు దగ్గర బేరమాడుతూ ఉండగా!

వెదురు పువ్వు దగ్గర బేరం

భద్రాచలం వచ్చిన యాత్రికులు రాములవారి దర్శనం చేసుకుని, పర్ణశాల చూసి వస్తారు. ఇంకో రోజు తీరిక ఉన్నవాళ్లు పాపికొండల పడవ ఎక్కుతారు. ఆ దారిలో కొండల మధ్య పేరంటాలపల్లి అని ఒక చిన్న ఊరు. ఒడ్డు నుంచి పైకి ఎక్కితే రామకృష్ణ మునివాటం, శివాలయం, చుట్టూ అడవి. అక్కడ ఉండేది కొండరెడ్లు. ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన ఆదిమ గిరిజన తెగల్లో వాళ్లు ఒకరు. వాళ్ల చేతిలో వెదురు ఉంటే చాలు, దాన్ని సన్నగా చీల్చి, పొరలు పొరలుగా తీసి పూలుగా మలిచేస్తారు. యాత్రికులు వాటిని కొనుక్కుని పడవెక్కుతారు. చాలామంది ఇళ్లలో టీవీ పక్కన ఇప్పటికీ అలాంటి పూలగుత్తి ఒకటి కనిపిస్తుంది.

చాలా ఏళ్ల కిందట మేమూ వెళ్లాం. ఒకావిడ పూలు ముందు పెట్టుకుని కూర్చుని, చేతిలో కత్తితో ఇంకో పువ్వు చేస్తోంది. పక్కనే ఇంకో ఇద్దరు. వాళ్లలో వాళ్లు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. చేతులు మాత్రం ఆగడం లేదు. నేను ఒక గుత్తి తీసుకుని, అలవాటు కొద్దీ, పది రూపాయలు తగ్గించమన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ఒక్కసారి నా మొహం చూసి, తల ఊపి, మళ్లీ పనిలో పడింది. నేను గెలిచినట్టే పడవెక్కాను.

ఆ తరవాత ఆ ఒడ్డుకు ఏమేమి వచ్చాయో మా వైపు వాళ్లకు బాగా తెలుసు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పేరంటాలపల్లి ఉన్న వేలేరుపాడు మండలం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. ఆ ఊరు పోలవరం ముంపు ప్రాంతంలో ఉంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎన్నో ప్రాణాలు పోయాయి, విహారాలు చాలాకాలం ఆగిపోయాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వరద నీళ్ల లెక్క పేపర్లో వేశారు. పడవ రాకపోతే పువ్వు కొనేవాళ్లెవరు? ఆ లెక్క ఎవరూ వేయలేదు. ఆ వార్తలు చదివినప్పుడల్లా నాకు ఆవిడ తల ఊపిన తీరే గుర్తొచ్చేది.

ఆ పది రూపాయలు ఎంత పనికి తగ్గించానో నాకు తెలిసింది మాత్రం చాలా ఆలస్యంగా. అది కూడా మా వీధి అరుగు మీద!

అరుగు మీద నలుగురం

మా వీధి చివర ఒక వడ్రంగి ఇల్లు ఉంది. ముందు గదిలో దుకాణం, వెనక కాపురం. ఒక మధ్యాహ్నం విరిగిన పీట కాలు బాగు చేయించడానికి వెళ్లాను. ఆయన ఊళ్లో లేడు. ఆయన భార్య (మేమంతా అక్కా అనే పిలుస్తాం) పీటను అటూ ఇటూ తిప్పి చూసి, ఏ చెక్క వాడాలో, కాలు ఎటువైపు వంచి బిగించాలో చకచకా చెప్పేసింది. మరి మీరే చేసివ్వండి అన్నాను. ఆవిడ నవ్వేసింది. ముప్పై ఏళ్లుగా ఆ ఉలి పక్కనే పొయ్యి వెలిగిస్తోందిట, పొట్టు ఊడుస్తోందిట, రంపం పదును పెట్టిన చప్పుడు వింటేనే సరిగ్గా పెట్టారో లేదో చెప్పగలదట. కానీ ఉలి మాత్రం ఎప్పుడూ చేత్తో పట్టలేదట!

ఆ మాట నన్ను వదల్లేదు. మీరే ఆలోచించండి. మనింట్లో కత్తిపీట మీద రోజుకు గంటసేపు కూర్చుంటాం. అరటిదూట దగ్గర్నుంచి పనసకాయ దాకా కోస్తాం. కత్తి మనకు కొత్తా? ఉలి అనేసరికి మాత్రం అది మగవాళ్ల వస్తువు అయిపోయింది.

వారం తిరక్కుండానే ఆ అరుగు మీద నలుగురం చేరాం. అక్క, నేను, రిటైరయిన ఒక టీచరుగారు, బట్టలు కుట్టే ఒక వదిన. గురువారం మధ్యాహ్నం, వంట పని అయిపోయి పిల్లలు బడి నుంచి వచ్చే లోపల రెండు గంటలు. మొదట్లో వీధిలో వాళ్లు నవ్వారు. ఈ వయసులో ఇదేం సరదా అన్నారు. టీచరుగారు మాత్రం, పేరంటానికి వెళ్తే పసుపు కుంకుమ ఇస్తారు, ఈ పేరంటానికి వస్తే గరిటె ఇస్తాం రండి అని పిలిచేవారు. అప్పట్నుంచి మా కూటమికి పేరు స్థిరపడిపోయింది. చెక్కపని పేరంటం!

మొదటి గరిటె నాకు నాలుగు గురువారాలు పట్టింది. ఎండలో పెడితే తొందరగా ఆరుతుందని పచ్చి మామిడి కొమ్మ ఎంచుకున్నాను. సగం చెక్కాక నిలువునా పగిలింది. రెండోదానికి గుంట మరీ లోతుగా తవ్వి అడుగున చిల్లు పెట్టాను. అందరూ పడీ పడీ నవ్వారు. మూడోది వంకరగా వచ్చింది కానీ పప్పు కలపడానికి పనికొచ్చింది. దాన్ని చేత్తో పట్టుకున్న రోజున నాకు పేరంటాలపల్లి పువ్వు గుర్తొచ్చింది. ఈ వంకర గరిటెను ఎవరైనా పది రూపాయలు తగ్గించమంటే నేను ఇస్తానా?

అక్క మొదటి గరిటె మాత్రం ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. ముప్పై ఏళ్లు కళ్లతో నేర్చుకున్న విద్య కదా! చివరికి ఉప్పుకాగితం పెట్టి రుద్దుతూ ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ రోజు మేమూ ఏమీ అడగలేదు.

రైలెక్కితే కొండపల్లి

ఉలి మగవాళ్లది అన్న మాట నిజంగా నిజమేనా అని చూడాలంటే ఖమ్మంలో విజయవాడ వైపు పాసింజరు ఎక్కండి. మధిర, ఎర్రుపాలెం దాటాక కొండపల్లి వస్తుంది. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఆ పేరు తెలియని వాళ్లు ఉండరు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు... ఇవన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

ఈ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియుల కుటుంబాలు సుమారు 400 ఏళ్ల కిందట రాజస్థాన్ వైపు నుంచి వచ్చాయని చెబుతారు. వాళ్లు వాడేది తెల్లపొణికి కర్ర. చేతిలోకి తీసుకుంటే ఉందో లేదో అన్నంత తేలిక, మెత్తన. ఆ కర్రను ముందు సన్నని సెగ మీద కాచి తేమ పోగొడతారు. తరవాత బొమ్మలో ఒక్కొక్క భాగం విడివిడిగా చెక్కుతారు. తల వేరు, చేతులు వేరు, చెట్టు వేరు. చింతగింజల పొడితో చేసిన జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు తయారు చేసి, దానితో భాగాలు అతికిస్తారు. అతుకులు కనపడకుండా మెత్తి, సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు.

చూశారా! ఒక్క బొమ్మకు ఇన్ని పనులు. ఇన్ని పనులూ ఒక్కరు చేసుకునేవి కావు. చాలా ఇళ్లలో చెక్కేది మగవాళ్లయితే, రంగులు వేసేది ఆడవాళ్లు. అంటే అంబారీ ఏనుగు మీద ఎర్ర జూలు, రాజుగారి మీసం, గొల్లభామ నుదుటి బొట్టు, అవన్నీ ఏ అమ్మో, ఏ కోడలో వంటకు, పిల్లల స్నానాలకు మధ్యన దిద్దినవి కావచ్చు. బొమ్మకు మొహం వచ్చేదే అక్కడ. అయినా, బొమ్మ చేసిందెవరు అని అడిగితే మనం చెప్పేది చెక్కిన ఆయన పేరే!

అక్కడ ఇంటిపనికీ బొమ్మలపనికీ మధ్య గోడ లేదు. ఇల్లే కార్ఖానా. అమ్మ కుంచె పట్టుకున్నప్పుడు పక్కన ఆడుకుంటున్న పిల్ల, ఏ రంగు తరవాత ఏ రంగు వేయాలో ఎవరూ చెప్పకుండానే నేర్చేసుకుంటుంది. బడి లేని చదువు అది. ఇంట్లో ఒకరు ఆ పని మానేస్తే ఆ చదువు కూడా అక్కడితో ఆగిపోతుంది.

గరిటెలకే పేరుపడ్డ ఊరు

ఇక ఉలి, ఆకురాయి కూడా ఆడవాళ్ల చేతుల్లోనే ఉన్న ఊరొకటి చెప్పనా? నెల్లూరు జిల్లా ఉదయగిరి. కొండ మీద పాత దుర్గం, కొండ కింద ఊరు. ఆ ఊళ్లో ఎక్కువగా ముస్లిం కుటుంబాలు చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు చేస్తారు. నర్ది, దేవదారి, బిక్కి వంటి చుట్టుపక్కల దొరికే కర్రలే వాడతారు. ఆ చెంచాల కాడల మీద చేసే సన్నని నగిషీ చూస్తే, వీటితో కూర కలపడానికి మనసొప్పదు. 2015లో ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరుతో ఇంకెక్కడో చేసి అమ్మడానికి వీల్లేదన్నమాట. ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఇంటి గడప దాటకుండా, ఇరుగు పొరుగు కలిసి కూర్చుని చేసుకునే పని ఇది.

కాబట్టి ఉలి మగవాళ్లది అని ఏ శాస్త్రంలోనూ రాసి లేదు. అలవాటు తప్ప!

కర్ర దొరకాలిగా మరి!

చేతులు ఉన్నంత మాత్రాన సరిపోదు, కర్ర దొరకాలి. కొండపల్లికి తెల్లపొణికి ఎలాగో, గోదావరి ఎగువన మన నిర్మల్ బొమ్మలకూ పొణికే ఆధారం. అక్కడి నకాషీ కళాకారులు సహకార సంఘంగా ఏర్పడి, ఒకే చోట కూర్చుని పళ్లు, పక్షులు, జంతువుల బొమ్మలు చేస్తూ వచ్చారు. ఈ రెండు చోట్లా పొణికి దొరకడం కష్టమవుతోందన్నదే పెద్ద దిగులు. చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది, నరకడానికి గంట చాలు. కొట్టిన చోట మళ్లీ నాటకపోతే రేపటి బొమ్మకు కర్ర ఉండదు.

మా అడవి సరిహద్దులో వెదురు సంగతి కొంత నయం. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో ఉండే గిరిజనులకు చిన్న తరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది, అందులో వెదురునూ చేర్చింది. అడవి బయట పెంచుకున్న వెదురును 2017లో చట్టంలోని చెట్ల జాబితా నుంచి తీసేశారు. కాబట్టి పెరట్లో వెదురు పెంచి కొట్టుకున్నా అటవీ చట్టం అడ్డు రాదు. వెదురు గడ్డిజాతి మొక్క, కొట్టిన దుబ్బు నుంచే మళ్లీ పిలకలు వేస్తుంది.

విశాఖ వైపు ఏటికొప్పాక చూడండి. అంకుడు కర్రను తిరిగే యంత్రం మీద నున్నగా తీసి, లక్క పూసి, చెట్ల నుంచి తీసిన రంగులు వేస్తారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగులవి. 2017లో వాటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రంగుల కోసం పాటుపడిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే. పట్టు వదలకుండా నలుగురు నిలబడితే కొయ్య బొమ్మ ఢిల్లీ దాకా వెళ్తుందన్నమాట!

మీరూ మొదలుపెట్టండి

ఇదంతా చదివి, బాగానే ఉంది కానీ మనవల్ల ఎక్కడవుతుంది అనుకుంటున్నారా? ఎందుకవదు? ఊరగాయ కలపడం, ఊలు అల్లడం ఎలా నేర్చుకున్నామో ఇదీ అంతే. మా పేరంటంలో మేం పడ్డ పాట్లు మీరు పడకుండా కొన్ని సంగతులు చెబుతాను.

మనుషులు: నలుగురు చాలు, ఆరుగురు దాటితే కబుర్లే మిగులుతాయి. పని తెలిసిన వారొకరు తప్పకుండా ఉండాలి. మీ వీధి వడ్రంగి ఇంట్లో అడిగి చూడండి. ఆయన్నే కాదు, ఆవిడనూ అడగండి. నేర్పినందుకు ఎంతో కొంత ఇవ్వండి. మన అక్కే కదా అని ఊరికే చేయించుకోవద్దు.

చెక్క: వడ్రంగి దుకాణంలో మిగిలిపోయిన ముక్కలు అడిగి తెచ్చుకోండి. బాగా ఆరిన మామిడి లేదా వేప ముక్క మొదటి గరిటెకు మంచిది. ప్లైవుడ్డు, రంగు వేసిన చెక్క, మందు పట్టించిన పాత చెక్క వంటకు వద్దే వద్దు. గన్నేరు కర్ర అసలు ముట్టుకోవద్దు, అది విషం. ముక్క జానెడున్నర పొడవు, మూడు వేళ్ల వెడల్పు, వేలు మందం ఉంటే చాలు.

పనిముట్లు: చిన్న రంపం, పదునైన చిన్న కత్తి, అంచు వంపు తిరిగిన ఉలి, కొయ్య సుత్తి, ఆకురాయి, గరుకు నుంచి నునుపు దాకా మూడు రకాల ఉప్పుకాగితం, చెక్కను బల్లకు బిగించే క్లాంపు. అన్నీ ఒక్కొక్కటే కొని నలుగురూ పంచుకోవచ్చు.

చేసే పద్ధతి: ముందు చెక్క మీద గీతలు చూడండి. నార ఎటు పోతోందో అటే కాడ పొడవు రావాలి. అడ్డంగా వస్తే కాడ పుటుక్కుమంటుంది. పెన్సిలుతో గరిటె బొమ్మ గీసుకోండి. చాలామంది మొదట బయటి ఆకారం కోసేస్తారు. అలా చేయకండి. ముక్క చదరంగా ఉన్నప్పుడే బల్లకు బిగించి, ముందు గుంట తవ్వండి. అప్పుడు అది కదలదు. కొంచెం కొంచెం తీస్తూ వేలితో అడుగు మందం చూసుకోండి. నాలాగా చిల్లు పెట్టొద్దు! గుంట అయ్యాక రంపంతో బయటి ఆకారం కోసి, కత్తితో, ఆకురాయితో అంచులు గుండ్రం చేయండి.

నునుపు: గరుకు కాగితంతో మొదలుపెట్టి నునుపు కాగితంతో ముగించండి. ఒకసారి తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. నూగులాగా చెక్క పైకి లేస్తుంది. మళ్లీ నునుపు కాగితంతో రుద్దండి. ఇక వంటలో తడిసినా గరుకెక్కదు. చివరగా కొబ్బరినూనె పల్చగా పట్టించి, రాత్రంతా ఉంచి, పొద్దున పొడిగుడ్డతో తుడిచేయండి.

జాగ్రత్తలు: కత్తి ఎప్పుడూ మీ వంటి నుంచి బయటికే పోవాలి. చెక్క పట్టుకున్న చెయ్యి కత్తికి వెనకే ఉండాలి, ముందు కాదు. మొద్దుబారిన ఉలి కంటే పదునైన ఉలే నయం, మొద్దుదాన్ని బలంగా తోస్తాం, అది జారుతుంది. కొంగు నడుముకు బిగించుకోండి. చేతి నిండా గాజులుంటే పైకి తోసుకోండి. రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ పొట్టు ఊపిరితిత్తులకు మంచిది కాదు. పని కాగానే పనిముట్లు లెక్కపెట్టి పిల్లలకు అందకుండా పెట్టేయండి.

మా అక్క పెట్టిన నియమం ఒకటి అన్నిటికంటే ముఖ్యం. కత్తి పట్టుకున్నప్పుడు మాటలు వద్దు. మాట్లాడాలనిపిస్తే కత్తి కింద పెట్టాలి. ఉప్పుకాగితం పట్టుకున్నప్పుడు ఎన్ని కబుర్లయినా చెప్పుకోవచ్చు. నమ్మండి, మా వీధి కష్టసుఖాలన్నీ బయటికొచ్చింది ఆ ఉప్పుకాగితం దగ్గరే! కోడలితో మాట పట్టింపు వచ్చినావిడ, మోకాళ్ల నొప్పులావిడ, కొడుకు ఉత్తరమైనా ఫోనైనా చేయలేదని దిగులు పడేవారు... చేతులు పనిలో ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. ఎదురెదురుగా కూర్చుని అడిగితే చెప్పలేని మాట, తల వంచుకుని గరిటె రుద్దుతూ చెప్పేస్తాం.

చెక్క సామాను మన్నాలంటే...

* చెక్క గరిటెలను సింకులో నానబెట్టకండి. వాడగానే కడిగి, తుడిచి, నిలబెట్టి ఆరనివ్వండి.

* కడిగినవి మండుటెండలో పెట్టకండి, పగుళ్లిస్తాయి. గాలి తగిలే నీడ చాలు.

* ఉల్లి, వెల్లుల్లి వాసన పట్టేస్తే నిమ్మచెక్క మీద ఉప్పు చల్లి రుద్ది కడగండి.

* నెలకోసారి కొబ్బరినూనె పల్చగా పట్టించి తుడవండి.

* ఊరగాయకు విడిగా ఒక గరిటె ఉంచండి. చెమ్మ లేకుండా చూసుకోండి.

* లోతుగా పగిలిన గరిటెను వంటకు వాడకండి. పగులులో తేమ, ఆహారం చేరి పాడవుతుంది.

* కొయ్య బొమ్మలను నీళ్లతో కడగవద్దు. మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి, కొలువు అయ్యాక పొడి గుడ్డలో చుట్టి దాచండి.

ఈసారి కొనేటప్పుడు...

అందరూ చెక్కలేకపోవచ్చు. కొనడం మాత్రం అందరం చేస్తాం. దసరాకో సంక్రాంతికో కొలువులోకి కొత్త బొమ్మ కొంటే, ఇది ఏ ఊరిది అని అడగండి. రంగులు ఎవరు వేశారు అని కూడా అడగండి. మొదట కొట్టతను వింతగా చూస్తాడు. నలుగురు అడిగితే వాళ్లూ తెలుసుకుని చెబుతారు. పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులుగా ప్లాస్టిక్ డబ్బాలు ఇచ్చే బదులు ఒక ఉదయగిరి చెంచానో, ఏటికొప్పాక కుంకుమ భరిణో ఇచ్చి చూడండి. పుచ్చుకున్నవాళ్లు అటకెక్కించరు. వీలైతే చేసినవాళ్ల దగ్గరే కొనండి, లేదంటే లేపాక్షి, గోల్కొండ వంటి ప్రభుత్వ దుకాణాల్లో కొనండి.

బేరమాడొద్దని నేను చెప్పను, సంసారం నడిపేవాళ్లం, మనకు లెక్కలుంటాయి. అయితే బేరమాడే ముందు, ఆ వస్తువును చేత్తో పట్టుకుని, దీన్ని నేను చేస్తే ఎన్ని మధ్యాహ్నాలు పడుతుంది అని ఒక్కసారి అనుకోండి. అంతే. ఆ తరవాత ఎంత అడగాలో మీ మనసే చెబుతుంది.

మా ఇంట్లో టీవీ పక్కన ఆ వెదురు పువ్వు ఇంకా ఉంది. రంగు వెలిసిపోయింది, ఒకటి రెండు రేకులు ఊడాయి. దాని పక్కనే నా వంకర గరిటె పెట్టాను. ఇంటికొచ్చినవాళ్లు ఇదేమిటని అడుగుతారు. అప్పుడు పేరంటాలపల్లి కథంతా చెబుతాను, బేరమాడిన సంగతితో సహా. మళ్లీ ఆ ఒడ్డుకు వెళ్లి, ఆవిడ కనిపిస్తే చెప్పిన ధర ఇచ్చి ఒక పువ్వు కొనాలని, పక్కన కూర్చుని అది ఎలా చేస్తారో నేర్పమని అడగాలని ఉంది. మా గురువారం పేరంటంలో వెదురు పని తెలిసినవాళ్లు ఇంకా లేరు మరి!

ఈలోగా మీ వీధి అరుగు మీద నలుగురిని పోగుచేయండి. మొదటి గరిటె పగిలినా పరవాలేదు. పగలని వాళ్లెవరూ మా పేరంటంలో లేరు, ఒక్క అక్క తప్ప!